మీ ఒంటికి కుదిరే మ్యాచ్ ఎయిర్ రైఫిల్: విజయవాడలో ఉండి అమర్చుకోవడం ఎలా

విదేశీ వీడియోలు చూసి చాలామంది కుర్రాళ్లు అడిగే మాట ఒకటుంది: "బ్యారెల్ వేరే, యాక్షన్ (పేల్చే యంత్రాంగం) వేరే, స్టాక్ (భుజానికి ఆనే ఒడి) వేరే కొనుక్కుని మనకి నచ్చిన తూటాకి రైఫిల్ కట్టించుకోవచ్చా అన్నా?" అమెరికాలో అది హాబీ, మన దగ్గర జైలు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం, మార్చడం పెద్ద నేరం. ఆ దారి వదిలేయండి.

కానీ తుపాకీని మన కొలతలకి అమర్చుకుని, దానికి నప్పే గుండు వెతికి, పదో వంతు మిల్లీమీటర్ల లెక్కలో పేల్చే సరదా మాత్రం మనకీ ఉంది. 10 మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్, అంటే పది మీటర్ల దూరం నుంచి గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు (పెల్లెట్) పేల్చే పోటీ తుపాకీ, సరిగ్గా అందుకే పుట్టింది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టింది, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ విభాగంలోనే. బెజవాడలో గానీ గుంటూరులో గానీ ఉంటూ అలాంటి రైఫిల్‌ని ఏ వరుసలో సిద్ధం చేసుకోవాలో చెబుతాను. వరుస ముఖ్యం, ఎందుకంటే ఒకటి కదిలిస్తే ఇంకోటి కదులుతుంది.

ముందు గురి ఎంత చిన్నదో చూడండి. టార్గెట్‌లో నల్లటి వృత్తం 30.5 మి.మీ. అందులో పది అనే చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకితే పది, అంటే మీ గుండు మధ్యబిందువు కేంద్రం నుంచి 2.5 మి.మీ. వరకూ తప్పుకోవచ్చు. దశాంశాల్లో లెక్కేస్తే ఒక గుండుకి అత్యధిక స్కోరు 10.9, అది రావాలంటే పావు మిల్లీమీటరు లోపే ఉండాలి. కింద చెప్పే కొలతలన్నీ ఈ లెక్క కోసమే.

కొనే ముందు

0.177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు, 20 జౌళ్లకి మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. డీలర్ మీ గుర్తింపు, చిరునామా పత్రాల కాపీలు తీసుకుంటాడు, ఇవ్వండి, బిల్లు దాచుకోండి. మ్యాచ్ రైఫిల్ శక్తి ఆ పరిమితిలో సగం కూడా ఉండదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల వేగంతో వెళ్తే వచ్చేది సుమారు 7.7 జౌళ్లు. దూరం పది మీటర్లే కాబట్టి ఇంతకన్నా ఎక్కువ పనికిరాదు, వేగం పెంచమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, అన్‌షుట్జ్, స్టయర్, పార్దిని లాంటి కంపెనీల కొత్త రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి. మొదటి ఏడాది పిల్లాడికి అంత పెట్టొద్దనే నా అభిప్రాయం. మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్ లాంటి వాటితో మొదలుపెట్టొచ్చు. లేదంటే జాతీయ పోటీలకి వెళ్లే షూటర్లు మోడల్ మార్చినప్పుడు అమ్మేసే సెకండ్‌హ్యాండ్ రైఫిల్ దొరుకుతుంది. అది కొంటే మూడు చూడండి.

మొదటిది సిలిండర్ మీద ముద్రించిన తేదీ. గాలి సిలిండర్ ఆయుష్షు సాధారణంగా తయారైన నాటి నుంచి పదేళ్లు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే చెకింగ్‌లోనే ఇబ్బంది, అసలు సంగతి భద్రత. ధర మాట్లాడేటప్పుడు కొత్త సిలిండర్ ఖర్చు తీసేసి మాట్లాడండి. రెండోది బ్యారెల్ మూతి. చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని మూతి అంచు చుట్టూ లోపలి నుంచి బయటికి మెల్లగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుంటే అక్కడ అంచు దెబ్బతిన్నట్టే. కంటికి కనపడని ఆ చిన్న గీత పెల్లెట్ వదిలే క్షణంలో గాలిని ఒక పక్కకి తోస్తుంది. మూడోది ఫ్యాక్టరీ టెస్ట్ కార్డు (కంపెనీ ఆ రైఫిల్‌తో పేల్చి చూసిన టార్గెట్). పోయినా ఫర్వాలేదు గానీ ఉంటే అమ్మేవాడు రైఫిల్‌ని ఎలా చూసుకున్నాడో తెలుస్తుంది.

గాలి సంగతి

చాలా మోడళ్లలో సిలిండర్ 200 బార్ వరకూ నింపాలి, మీ మాన్యువల్ ఏం చెబితే అంతే. పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ దగ్గరే ఆగిపోతుంది, పైగా అందులో నీళ్లు, నూనె ఉంటాయి. డైవింగ్‌కి వాడే పొడి గాలి పెద్ద సిలిండర్ నుంచి నింపుకోవడం మంచిది. ఆ పెద్ద సిలిండర్‌కి పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ముద్ర ఉండాలి. ఒక్కరే ప్రాక్టీస్ చేసేవాళ్లకి తేమ పట్టే ఫిల్టర్ ఉన్న హై ప్రెషర్ చేతి పంపు చాలు, కాకపోతే బెజవాడ మే నెలలో పంపు కొట్టాక షూటింగ్‌కి ఓపిక మిగలదు.

ఒక హెచ్చరిక. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులో చూసినా ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, ప్రెషర్ కూడా సరిపోతుంది. "ఇదీ గాలే కదా" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎక్కువ ప్రెషర్‌లో ఆక్సిజన్‌కి ఒక్క చుక్క గ్రీజు తగిలినా పేలుతుంది. ఆసుపత్రి ఆక్సిజన్ కూడా అంతే.

నింపేటప్పుడు వాల్వు మెల్లగా తిప్పండి. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కి 200 చూపిస్తుంది, చల్లారాక 180కి దిగుతుంది. రైఫిల్‌లో ప్రెషర్‌ని సమానంగా ఉంచే రెగ్యులేటర్ ఉన్నా ప్రెషర్ బాగా పడిపోతే గుండ్లు కిందికి జారతాయి. గేజ్ వంద దాటి కిందికి వస్తుంటే నింపుకోవడం అలవాటు చేసుకోండి.

పెల్లెట్ వెతకడం

తూటా తుపాకుల వాళ్లు పౌడర్ తూచి, తూటా డొల్ల కోసి చేసే పని అంతా మనకి పెల్లెట్ ఎంపికలో ఉంటుంది. ఒకే కంపెనీ పెల్లెట్ తల సైజు 4.48, 4.49, 4.50, 4.51 అని వేరువేరుగా వస్తుంది. తేడా నూరో వంతు మిల్లీమీటరే అయినా మీ బ్యారెల్ వాటిలో ఒకదాన్నే ఇష్టపడొచ్చు. ఏది అన్నది ముందే చెప్పడం ఎవరివల్లా కాదు. పక్కవాడి అదే మోడల్ రైఫిల్‌కి 4.49 బాగుందంటే మీకూ బాగుండాలని లేదు.

పరీక్ష ఇలా చేయండి. బరువైన బల్లకి వైస్ బిగించి, దవడలకి మందపాటి తోలు గానీ రబ్బరు గానీ వేసి రైఫిల్‌ని పట్టించండి. బ్యారెల్‌ని పట్టించకూడదు, యాక్షన్ లేదా స్టాక్ గట్టి భాగాన్ని పట్టించాలి. ఫ్యాన్ ఆపేయండి. కొత్త రకం పెల్లెట్ మొదలెట్టినప్పుడల్లా ముందు ఓ పది గుండ్లు లెక్క లేకుండా పేల్చండి, బ్యారెల్ ఆ సీసానికి అలవాటు పడాలి. తర్వాత పది గుండ్లు ఒకే చోటికి. మామూలు ఏ4 కాగితం చిరిగిపోయి రంధ్రం ఎంతో తెలియదు, అసలు టార్గెట్ కార్డే వాడండి.

వర్నియర్‌తో రంధ్రం బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి అందులోంచి 4.5 తీసేయండి. మంచి బ్యారెల్, నప్పిన పెల్లెట్ అయితే పది గుండ్లూ కలిపి ఒకే గుండ్రటి రంధ్రం, మిగిలేది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. రెండు మిల్లీమీటర్లు దాటితే ఆ సైజు పక్కన పెట్టండి. ఒక్క గ్రూపు చూసి తీర్పు చెప్పొద్దు, బాగా వచ్చిన రెండు సైజుల్నీ ఇంకో రోజు మళ్లీ పరీక్షించండి.

నప్పింది దొరికాక డబ్బా మీద బ్యాచ్ నంబరు రాసుకుని అదే బ్యాచ్‌లో సీజన్‌కి సరిపడా కొనండి. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి మ్యాచ్ రోజులకి, చవక రకం రోజువారీ ప్రాక్టీస్‌కి. మొదటి ఆరు నెలలు మీ చేతి వణుకు పెల్లెట్ తేడాకన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి ఖరీదైనవి ఆ తర్వాతే.

పెల్లెట్లు సీసం. రేంజ్ నుంచి బయటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎదురుగా బండి మీద మిర్చి బజ్జీ పొగలు కక్కుతున్నా సరే, ముందు కుళాయి.

ఒంటికి కుదర్చడం

ఇదీ అసలు పని. టైలర్ దగ్గర చొక్కా కొలతలు ఇచ్చినట్టే, మీ భుజం, మెడ, చెయ్యి పొడవులకి రైఫిల్ వంగాలి గానీ రైఫిల్‌కి మీరు వంగకూడదు. పిల్లలు మెడ వంచి గురి చూసే సైట్‌లోకి తొంగిచూస్తుంటే చూసిన వెంటనే తెలిసిపోతుంది, ఆ రైఫిల్‌ని ఎవరూ సర్దలేదని.

ప్రతి మార్పుకీ ముందు పాత స్థానం రాసుకోండి. స్కేలు లేని చోట సన్నటి పెన్సిల్ గీత పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. జాకెట్, ప్యాంటు, షూస్ వేసుకునే సర్దాలి, టీషర్టు మీద సర్దిన బట్ ప్లేట్ (స్టాక్ చివర భుజానికి ఆనే పలక) జాకెట్ మీద పనిచేయదు.

రైఫిల్ లేకుండానే మొదలుపెట్టండి. కుడిచేతి వాటం అయితే ఎడమ పక్క టార్గెట్ వైపు, కాళ్లు భుజాల వెడల్పున. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలి. చాలామందికి అది అందదు, అప్పుడు నడుము కాస్త ముందుకి తోయాలి. ఆ ఎముక మీద ఎముక ఆనడం దొరికాక రైఫిల్ చేతికి తీసుకోండి.

ఇప్పుడు బట్ ప్లేట్. అది భుజం గుంటలో పూర్తిగా ఆనాలి, ఒక మూల మాత్రమే తాకితే ప్రతి గుండుకీ స్థానం మారుతుంది. తర్వాత పొడవు: వేలు ట్రిగ్గర్ మీద పెట్టినప్పుడు కుడి మణికట్టు తిన్నగా ఉండాలి. బొటనవేలు ముక్కుకి కొట్టుకుంటుంటే పొడవు తక్కువ. ట్రిగ్గర్ కోసం చెయ్యి చాస్తుంటే ఎక్కువ. పన్నెండేళ్ల పిల్లలకి పెద్దవాళ్ల రైఫిల్ ఇచ్చినప్పుడు ఈ రెండోదే జరుగుతుంది.

పొడవు తర్వాత చీక్ పీస్ (చెంప ఆనించే దిమ్మ). దీనికి నమ్మకమైన పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి, తల బరువంతా చీక్ పీస్ మీద వదిలేసి, రెండు శ్వాసలు తీసుకుని అప్పుడు కళ్లు తెరవండి. వెనక సైట్ రంధ్రంలోంచి ముందు టన్నెల్ (మూతి దగ్గరి సైట్ గొట్టం) సరిగ్గా మధ్యలో, చుట్టూ సమానమైన తెల్లటి వలయంతో కనపడాలి. టన్నెల్ కిందికి జారి కనిపిస్తే మీ కన్ను తక్కువలో ఉంది, చీక్ పీస్ పెంచండి. పైకి కనిపిస్తే తగ్గించండి. పక్కకి ఉంటే చీక్ పీస్‌ని అటో ఇటో జరపాలి. కళ్లు తెరిచి ఉంచి ఈ పరీక్ష చేస్తే తెలియకుండానే మెడ సర్దేసుకుంటారు, ఫలితం అబద్ధం.

తర్వాత ఎత్తు. మళ్లీ కళ్లు మూసి తెరిస్తే మూతి నల్ల వృత్తం కన్నా కిందికి చూస్తోందా? చేత్తో ఎత్తడం తప్పు. మూడు దారులున్నాయి: ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కింద చేతికి ఆనే రైజర్ బ్లాక్ ఎత్తు పెంచడం, ఎడమ చేతిని ట్రిగ్గర్ గార్డు వైపు కాస్త వెనక్కి తేవడం, లేదా బట్ ప్లేట్‌ని పైకి జరపడం. బట్ ప్లేట్ పైకి జరిగితే రైఫిల్ వెనక భాగం దిగి మూతి లేస్తుంది. నేనైతే ముందు చేతితో చూస్తాను, ఖర్చు లేదు. ఎడమకో కుడికో ఉంటే స్టాక్ జోలికే వెళ్లొద్దు, పాదాలు జరపండి.

చివర్లో బరువు. నిబంధన ప్రకారం సైట్లతో సహా 5.5 కిలోలు దాటకూడదు. దాటకూడదు అన్నారు గానీ అంత ఉండాలని ఎవరూ అనలేదు. సన్నగా ఉండే పిల్లలకి నాలుగు, నాలుగున్నర కిలోలు చాలు. తూకం కేంద్రం ఎడమ చేతికి కొద్దిగా ముందు ఉంటే మూతి నింపాదిగా కదులుతుంది. మరీ ముందుకి పోతే ఇరవయ్యో గుండుకే వీపు పట్టేస్తుంది, మ్యాచ్‌లో అరవై ఉన్నాయి, గంటా పదిహేను నిమిషాలు నిలబడాలి.

సైట్లు

ముందు సైట్ టన్నెల్‌లో ఉండే రింగ్ మరీ బిగుతుగా పెట్టుకోవడం మనవాళ్ల అలవాటు. నల్ల వృత్తం చుట్టూ సన్నటి తెల్ల గీత మాత్రమే కనిపిస్తే ప్రతి చిన్న కదలికా పెద్దదిగా కనిపించి టెన్షన్ పెరుగుతుంది, ట్రిగ్గర్ లాగడం ఆలస్యమవుతుంది. వెడల్పు రింగ్‌తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి, చాలామందికి నాలుగు మిల్లీమీటర్ల చుట్టుపక్కల కుదురుతుంది. వెనక ఐరిస్ (కన్ను పెట్టి చూసే రంధ్రం) 1.0 నుంచి 1.2 మి.మీ. మధ్య, రేంజ్‌లో వెలుతురుని బట్టి. కన్ను అలసిపోయే దాకా గురి చూడకండి, ఎనిమిది సెకన్లు దాటితే దించేయండి.

కొన్ని జర్మన్ సైట్ల నాబ్ మీద గుర్తులు "గుండు పైకి పోతే ఇటు తిప్పు" అనే అర్థంలో ఉంటాయి, ఇంకొన్ని గుండు ఎటు వెళ్తుందో చెబుతాయి. అయిదు క్లిక్కులు తిప్పి పేల్చి చూసి, మీ సైట్ ఏ రకమో స్టిక్కర్ మీద తెలుగులో రాసి కేసు లోపల అంటించుకోండి.

ట్రిగ్గర్

10 మీటర్ల రైఫిల్‌లో ట్రిగ్గర్ బరువుకి కనీస పరిమితి లేదు, అందుకని కొత్తవాళ్లు గాలి తగిలితే పేలేంత తేలిక చేసేస్తారు. మొదట్లో 100 నుంచి 150 గ్రాములు ఉంచండి. రెండు దశల ట్రిగ్గర్‌లో మొదటి దశ అయిపోయి వేలు ఒక గోడకి ఆనినట్టు స్పష్టంగా తెలియాలి, అక్కడి నుంచి మెల్లగా ఒత్తిడి. ఆ గోడ తెలియకపోతే బరువు జోలికి వెళ్లకుండా మాన్యువల్ చూసి మొదటి దశ స్క్రూ సరిచేయండి. వేలి కొసలోని మెత్తటి భాగం ట్రిగ్గర్‌కి లంబంగా పడాలి. సర్దాక, పెల్లెట్ లేకుండా, మూతి టార్గెట్ వైపే ఉంచి కాక్ చేసి బట్‌ని అరచేత్తో గట్టిగా తట్టండి. ట్రిగ్గర్ దానంతట అది వదిలేస్తే ఆ అమరిక ప్రమాదకరం, వెనక్కి తిప్పేయండి.

ట్రిగ్గర్ నేర్చుకునేది డ్రై ఫైరింగ్‌లో, అంటే పెల్లెట్ లేకుండా పేల్చే సాధనలో. ఇంట్లో అయిదు మీటర్లు దొరికితే చాలు. గోడ మీద 15.25 మి.మీ. నల్ల వృత్తం అంటించండి, పది మీటర్ల దగ్గరున్నంతే కనిపిస్తుంది. అసలు టార్గెట్ ఎత్తు 1.40 మీటర్లు, కాబట్టి మీ కంటి ఎత్తుకీ 1.40కీ సరిగ్గా మధ్యలో అంటించాలి. పెల్లెట్ డబ్బా ఆ గదిలో ఉండకూడదు.

ఆటోనగర్‌లో ఏం చేయించుకోవచ్చు

మనకున్న వరం ఇది. దిగుమతి చేసిన చిన్న ఇత్తడి బరువు ధర వింటే కళ్లు తిరుగుతాయి, అదే ముక్క ఆటోనగర్ లేత్ మీద ఇత్తడి కడ్డీ నుంచి తీయించుకోవచ్చు. బరువులు, రైజర్ బ్లాక్, బట్ ప్లేట్ స్పేసర్లు, చీక్ పీస్ కింద వేసే వాషర్లు ఇవన్నీ అక్కడ అవుతాయి. నమూనా ముక్క పట్టుకెళ్లండి, నోటితో చెప్పొద్దు. స్క్రూ మర ఏ సైజో, ఎమ్4 నా ఎమ్5 నా అన్నది ముందే కొలిచి కాగితం మీద గీసి ఇవ్వండి. అల్యూమినియం అంచులు ఫైల్ పట్టించకపోతే జాకెట్ చింపేస్తాయి.

చీక్ పీస్ ఆకారం తేలకపోతే కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి ముక్క సంపాదించండి. ఎంత మెత్తనంటే మామూలు కత్తితో ఇంట్లోనే చెక్కుకోవచ్చు. దవడకి ఆకారం కుదిరాక అదే నమూనాగా ఇచ్చి గట్టి చెక్కలో చేయించండి, పొణికి మాత్రం రోజూ వాడకానికి ఆగదు.

బ్యారెల్, వాల్వు, రెగ్యులేటర్, ట్రిగ్గర్ లోపలి భాగాలు మాత్రం ఏ లేత్ మేస్త్రీకీ ఇవ్వకండి. ఆయన పనితనం తక్కువని కాదు. 200 బార్ గాలి పట్టే భాగంలో తప్పు జరిగితే మొహానికి దెబ్బ, పైగా శక్తి పెంచే ఏ మార్పైనా మిమ్మల్ని చట్టం ముందు నిలబెడుతుంది.

మన ఎండ, మన ఉక్క

రోహిణి కార్తెలో కారు డిక్కీలో నింపిన సిలిండర్ వదలడం అంటే నిప్పుతో చెలగాటం. రైఫిల్ కూడా ఏసీ గది నుంచి రేంజ్‌కి రాగానే పేల్చకుండా అరగంట కేసు తెరిచి ఉంచండి. చెక్క స్టాక్ వానాకాలంలో తేమ పీల్చి కాస్త కదులుతుంది, యాక్షన్ స్క్రూల బిగువు నెలకోసారి మాన్యువల్ చెప్పిన టార్క్‌కి చూసుకోండి. చెమట చేతుల ఉప్పుకి స్టీలు భాగాలు రెండు రోజుల్లో తుప్పు చుక్కలు వేస్తాయి. వాడాక పొడి గుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ సంచులు వేయండి.

పోటీకి ముందు

కొలతల టేపు, తక్కెడ పట్టుకుని ఇంట్లోనే చెకింగ్ చేసుకోండి. యాక్షన్ వెనక చివర నుంచి మూతి చివరి దాకా 850 మి.మీ. మించకూడదు. ముందు సైట్ మూతిని దాటి బయటికి రాకూడదు, టన్నెల్ 50 మి.మీ. పొడవు, 25 మి.మీ. వ్యాసం దాటకూడదు. పామ్ రెస్ట్ (అరచేతికి ఆనే ఆధారం), బొటనవేలు దూరే రంధ్రం, స్పిరిట్ లెవెల్ ఈ విభాగంలో నిషిద్ధం. గ్రిప్ జారకుండా గరుకు కాగితం అంటించినా ఒప్పుకోరు. రైజర్ బ్లాక్ ఎత్తుకీ, బట్ ప్లేట్ ఎంత కిందికి దిగొచ్చో దానికీ పరిమితులున్నాయి, ఆ ఏడాది నిబంధనల పుస్తకంతో సరిచూసుకోండి.

విమానంలో వెళ్తే సిలిండర్ ఖాళీ చేసి తీసుకెళ్లాలి, ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పాలి. రైల్లో అయినా సిలిండర్ విప్పి వేరుగా పెట్టండి, బిల్లు, ఫెడరేషన్ కార్డు పైన జేబులో ఉంచండి. రేంజ్‌లో అడుగుపెట్టే ముందు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల గుండు లేదని చూపే రంగు తీగ) ఉందో లేదో చూసుకోండి. దిగాక స్టాక్ మీద పెట్టుకున్న పెన్సిల్ గీతలు అన్నీ ఉన్న చోటే ఉన్నాయా చూసి, అయిదు సైటర్లు (స్కోరులోకి రాని గుండ్లు) పేల్చి, అప్పుడు సైట్ తిప్పండి.